డీఎన్‌ఏకూ ఆర్‌ఎన్‌ఏకూ తేడా ఒక్క ఆక్సిజనే అయితే, ఒకటి నిలిచి మరొకటి ఎందుకు చెదిరిపోతుంది?

దేవరకొండ టీచర్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను దేవరకొండ దగ్గరి ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో పదో తరగతికి జీవశాస్త్రం చెబుతున్నాను. గత వారం అనువంశికత పాఠంలో భాగంగా డీఎన్‌ఏ నిర్మాణాన్ని బోర్డు మీద గీసి, ఇంటి దగ్గర బర్రెను కట్టే రెండు పేటల గోగునార తలుగును కూడా తరగతికి తీసుకెళ్లి, పురి విప్పి చూపించాను. ఒక్కో పేటలో చక్కెర, ఫాస్ఫేట్ ఒకదాని తర్వాత ఒకటిగా గొలుసు కట్టి ఉంటాయనీ, రెండు పేటల మధ్య మెట్లలాగా నాలుగు రకాల అక్షరాలుంటాయనీ, వాటిలో అడినిన్ ఎదుట థైమిన్, గ్వానిన్ ఎదుట సైటోసిన్ నిలబడతాయనీ, ఒక పేట చేతిలో ఉంటే రెండో పేటను తప్పు లేకుండా రాసుకోవచ్చు కనుకనే ఇది తరం నుంచి తరానికి నడిచే పదార్థమైందనీ చెప్పాను. ఇంతవరకూ పిల్లలకు బాగానే అందింది.

చిక్కు ఆర్‌ఎన్‌ఏ దగ్గర వచ్చింది. ఆర్‌ఎన్‌ఏలోని చక్కెర రైబోజ్ అనీ, డీఎన్‌ఏలోని చక్కెరలో ఒక ఆక్సిజన్ తక్కువ కనుక దానికి డీఆక్సీరైబోజ్ అని పేరనీ, ఆర్‌ఎన్‌ఏలో థైమిన్ స్థానంలో యురాసిల్ ఉంటుందనీ, అది ఒంటి పేట అనీ, అస్థిరమైనదనీ మామూలుగా చెప్పే నాలుగు మాటలూ చెప్పాను. రెండో బెంచీలో కూర్చునే ఒక అమ్మాయి లేచి, "ఒక్క ఆక్సిజన్ ఎక్కువుంటే అస్థిరం ఎందుకవుతుంది మేడం? ఎక్కువుంటే గట్టిగా ఉండాలి కదా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. అంతటితో ఆగకుండా, "అక్షరాలు నాలుగే అయినప్పుడు రెండింటికీ యురాసిలే పెడితే సరిపోయేది కదా, థైమిన్ అని వేరే ఎందుకు?" అని కూడా అడిగింది. రేపు చెబుతానని తప్పించుకున్నాను గానీ, ఇంటికి వచ్చి నా డిగ్రీ నోట్సు తిరగేస్తే అందులోనూ "అస్థిరం" అన్న మాటే ఉంది తప్ప కారణం లేదు.

నాకు సొంతంగా మరో సందేహం కూడా ఉంది. జన్యు పదార్థం డీఎన్‌ఏ అని ఒక పేజీలో, కొన్ని వైరస్‌లలో ఆర్‌ఎన్‌ఏ అని మరో పేజీలో చెబుతున్నాము. అలాంటప్పుడు వారసత్వాన్ని మోసే గుణం అసలు ఎక్కడుందని పిల్లలకు చెప్పాలి? చక్కెరలోనా, అక్షరాల్లోనా, జంట పేటలోనా? రసాయన శాస్త్రం తెలిసినవారు కాస్త వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

పాలమూరు రిటైర్డ్ లెక్చరర్

అమ్మా, మీ విద్యార్థిని అడిగిన మొదటి ప్రశ్నకు జవాబు ఆ ఆక్సిజన్ ఉందా లేదా అన్నదానిలో కంటే, అది ఏ చోట కూర్చుందన్న దానిలో ఉంది. నేను మహబూబ్‌నగర్‌లో చాలా ఏళ్లు ఇంటర్ పిల్లలకు కర్బన రసాయనం చెప్పినవాణ్ణి కనుక కొంచెం నిదానంగానే చెబుతాను.

ఈ చక్కెరలో కార్బన్లు ఐదు. వాటిలో నాలుగు కార్బన్లు, ఒక ఆక్సిజన్ కలిసి ఐదు మూలల వలయంగా ఏర్పడతాయి, ఐదో కార్బన్ వలయం బయట తోకలాగా ఉంటుంది. ఒకటో కార్బన్‌కు అక్షరం, అంటే నత్రజని క్షారం తగులుకుని ఉంటుంది. ఒక చక్కెర మూడో కార్బన్‌ను తర్వాతి చక్కెర ఐదో కార్బన్‌తో ఫాస్ఫేట్ కలుపుతుంది, గొలుసు సాగేది ఇలాగే. మిగిలింది రెండో కార్బన్. డీఎన్‌ఏలో దానికి ఉత్త హైడ్రోజనే ఉంటుంది. ఆర్‌ఎన్‌ఏలో అక్కడ ఒక హైడ్రాక్సిల్, అంటే ఆక్సిజన్, హైడ్రోజన్ జంట ఉంటుంది. గొలుసును పట్టి ఉంచే ఫాస్ఫేట్ పక్కనే మూడో కార్బన్ మీద ఉంది కనుక, ఈ హైడ్రాక్సిల్ దానికి చేతికందే దూరంలో ఉన్నట్టే. క్షార గుణమున్న ద్రావణం తగిలితే ఆ హైడ్రాక్సిల్ తన హైడ్రోజన్‌ను వదులుకుంటుంది. ఒంటరిగా మిగిలిన ఆక్సిజన్ రుణావేశంతో పక్కనున్న ఫాస్ఫరస్ మీద పడి బంధం కట్టుకుంటుంది. అలా కట్టుకోవడంతో ఫాస్ఫరస్‌కు అవతలి చక్కెరతో ఉన్న బంధం తెగిపోతుంది, గొలుసు రెండు ముక్కలవుతుంది. బయటి నుంచి కత్తి రానక్కరలేదు. మన పెద్దలు పక్కలో బల్లెం అంటారే, ఆర్‌ఎన్‌ఏకు ఆ రెండో కార్బన్ మీది ఆక్సిజన్ అలాంటిది.

అందుకే రెండింటినీ పలుచని పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో ఒంటి వేడి దగ్గర ఒక రాత్రి ఉంచితే, తెల్లవారేసరికి ఆర్‌ఎన్‌ఏ విడివిడి న్యూక్లియోటైడ్‌లుగా, అంటే ఒక చక్కెర, ఒక ఫాస్ఫేట్, ఒక అక్షరం ఉన్న ముక్కలుగా రాలిపోతుంది. డీఎన్‌ఏలో రెండు పేటలు విడిపోతాయి తప్ప ఏ పేటా తెగదు, ఎందుకంటే తెంచడానికి అక్కడ ఆక్సిజన్ లేదు. 2022లో ఉత్తర గ్రీన్‌లాండ్ మట్టి పొరల నుంచి సుమారు 20 లక్షల ఏళ్ల నాటి డీఎన్‌ఏ ముక్కలను శాస్త్రవేత్తలు చదవగలిగారు. చలి తోడ్పడిన మాట నిజమే, కానీ అంత కాలం నిలవడానికి ముందు ఆ గొలుసుకు పక్కలో బల్లెం లేకపోవాలి.

ఇక థైమిన్ సంగతి. నాకు ఈ ప్రశ్నే ఎక్కువ ఇష్టం. థైమిన్ అంటే వేరే పదార్థమేమీ కాదు, యురాసిల్‌కు ఒక మిథైల్ గుంపు, అంటే ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లు తగిలిస్తే వచ్చేది. జత కట్టే విషయంలో రెండూ ఒకటే, రెండూ అడినిన్‌తోనే కలుస్తాయి. మరి కణం ఆ మిథైల్ తగిలించే శ్రమ ఎందుకు పడుతుంది? సైటోసిన్‌కు ఒక బలహీనత ఉంది. నీటిలో ఉండగా ఉండగా దాని అమైనో గుంపు దానంతటదే ఊడిపోతుంది, ఊడిపోతే మిగిలేది సరిగ్గా యురాసిల్. మన ఒక్కో కణంలో రోజుకు సుమారు 100 సైటోసిన్‌లు ఇలా మారిపోతుంటాయని అంచనా. ఇప్పుడు డీఎన్‌ఏలో యురాసిల్ కూడా న్యాయమైన అక్షరమే అయి ఉంటే, మరమ్మతు చేసే ఎంజైమ్‌కు ఎదురైన యురాసిల్ మొదటి నుంచీ అక్కడిదేనా, సైటోసిన్ చెడిపోయి వచ్చినదా అన్నది ఎలా తెలియాలి?

మా వైపు గొల్లకుర్మలు రెండు మందలు కలిసిపోయినప్పుడు తమ జీవాలను గుర్తుపట్టడానికి వాటి వీపు మీద ఎర్రరంగు పూస్తారు. మిథైల్ ఆ రంగు గుర్తు లాంటిది. గుర్తు ఉన్న యురాసిల్, అంటే థైమిన్, మందలోదే. గుర్తు లేని యురాసిల్ డీఎన్‌ఏలో ఎక్కడ కనిపించినా అది వేరేచోటి నుంచి వచ్చిందని తేల్చుకుని, దాన్ని ఊడబెరికి సైటోసిన్ పెట్టే ఎంజైమ్‌లు మన కణాల్లో ఉన్నాయి. ఈ పనిని 1974లో మొదట గుర్తించిన థామస్ లిండాల్‌కు 2015లో రసాయన శాస్త్రపు నోబెల్ మరో ఇద్దరితో కలిపి వచ్చింది. ఆర్‌ఎన్‌ఏ అయితే కొద్ది నిమిషాలో, కొన్ని గంటలో పనిచేసి పోయేది. దానికి రంగు పూసే ఖర్చు కణం పెట్టుకోదు. పాత పహాణీ కచేరీలో బీరువాలో ఉంటుంది, రైతు చేతికి వచ్చేది నకలు. నకలు చిరిగితే మరొకటి తీసుకోవచ్చు గనుక దాన్ని మంచి కాగితం మీద రాయరు.

ఒక చిన్న మాట చెప్పి ముగిస్తాను. ఆ మిథైల్ గుంపును యురాసిల్‌కు తగిలించడానికి ఫోలిక్ ఆమ్లం కావాలి. మన బడుల్లో వారానికొకసారి పిల్లలకు ఇచ్చే ఐరన్ మాత్రలో అదీ ఉంటుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలోని బృందమే అమెరికాలో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది, దానికి విరుగుడుగా పనిచేసే అమినోప్టెరిన్‌నూ తయారుచేసింది. 1948లో రక్త క్యాన్సర్ ఉన్న పిల్లల్లో ఆ మందు కొంతకాలమైనా జబ్బును వెనక్కి నెట్టింది. కారణం ఇదే, థైమిన్ తయారీ ఆగితే కొత్త డీఎన్‌ఏ లేదు, డీఎన్‌ఏ లేనిదే క్యాన్సర్ కణం రెండు కాలేదు. మీ పిల్లలకు మాత్ర ఇచ్చే రోజున ఈ సంగతి చెబితే థైమిన్ పేరు మరచిపోరు.

కోచింగ్ సార్

లెక్చరర్ గారి వివరణ బాగుంది, కానీ పదో తరగతి పిల్లలకు ఇంత లోతు అవసరం లేదని నా అభిప్రాయం. జన్యు పదార్థం డీఎన్‌ఏ, కొన్ని వైరస్‌లలో మాత్రం ఆర్‌ఎన్‌ఏ, ఈ రెండు వాక్యాలు రాస్తే మార్కులు వస్తాయి. వైరస్‌లను మినహాయింపుగా చెప్పి వదిలేస్తే గందరగోళం ఉండదు. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఎక్కువ మంది ఎక్కువ తెలుసుకునే తప్పులు రాస్తున్నారు.

బత్తాయి తోట, నల్లగొండ

టీచర్ గారికి నమస్కారం. నేను ఉద్యాన శాస్త్రం చదివి, ఇప్పుడు సొంత బత్తాయి తోట చూసుకుంటున్నాను. కోచింగ్ సార్ మినహాయింపు అన్నారు గనుక రాయాలనిపించింది. మన జిల్లాలో ఏ రైతును అడిగినా ఆ మినహాయింపు ఎంత ఖరీదైనదో చెబుతాడు.

బత్తాయి, నిమ్మ తోటలను పీల్చే ట్రిస్టెజా వైరస్‌లో డీఎన్‌ఏ అనేదే లేదు. సుమారు 19,300 అక్షరాల పొడవున్న ఒంటి పేట ఆర్‌ఎన్‌ఏ, దాని చుట్టూ ప్రోటీన్ తొడుగు, అంతే. పేనుబంక ఒక చెట్టు రసం పీల్చి మరో చెట్టు మీద వాలితే ఆ 19,300 అక్షరాలూ అక్కడికి చేరతాయి. ఇంకా చేటైన దారి అంటు. రోగమున్న చెట్టు నుంచి కన్ను తీసి అంటు కడితే, ఆ కన్నుతో పాటే వైరస్ కూడా కొత్త మొక్కకు పోతుంది. పాలమూరు వైపు వేరుశనగలో వచ్చే మొవ్వుకుళ్ళు కూడా ఆర్‌ఎన్‌ఏ వైరస్ పనే, దాని ఆర్‌ఎన్‌ఏ మూడు ముక్కలుగా ఉంటుంది, తామర పురుగులు మోసుకెళతాయి. బెండలో తెల్లదోమ వల్ల వచ్చే పల్లాకు తెగులు మాత్రం డీఎన్‌ఏ వైరస్‌ది, అదీ జంట పేట కాదు, ఒంటి పేట డీఎన్‌ఏ. అంటే ఒంటి పేట అయితే ఆర్‌ఎన్‌ఏ, జంట పేట అయితే డీఎన్‌ఏ అన్న లెక్క కూడా నిలవదు. జంట పేట ఆర్‌ఎన్‌ఏ ఉన్న వైరస్‌లు కూడా ఉన్నాయి, పసిపిల్లలకు విరేచనాలు తెచ్చే రోటా వైరస్ అలాంటిదే.

వారసత్వం అసలు ఎక్కడుందని మీరు అడిగారు కదా. దానికి నాకు తెలిసిన చక్కని జవాబు పొగాకు మొజాయిక్ వైరస్ మీద జరిగిన పరిశోధన. 1956లో జర్మనీలోని టుబింగెన్‌లో గీరర్, ష్రామ్ అనే ఇద్దరు ఆ వైరస్ ప్రోటీన్ తొడుగును పూర్తిగా తీసేసి, మిగిలిన ఆర్‌ఎన్‌ఏను మాత్రమే పొగాకు ఆకు మీద రుద్దారు. ఆకుకు తెగులు వచ్చింది, తొడుగుతో సహా కొత్త వైరస్‌లు పుట్టాయి. ఆ రోజుల్లోనే అమెరికాలో ఫ్రెంకెల్ కాన్రాట్ ఒక రకం వైరస్ తొడుగులో మరో రకం వైరస్ ఆర్‌ఎన్‌ఏను కూర్చి ఆకుకు అంటించాడు. పుట్టిన పిల్ల వైరస్‌లు ఎవరి పోలికతో ఉన్నాయి? తొడుగు ఇచ్చినవాడిది కాదు, ఆర్‌ఎన్‌ఏ ఇచ్చినవాడిది. 1952లో హెర్షీ, చేజ్ రేడియోధార్మిక ఫాస్ఫరస్‌తో డీఎన్‌ఏను, రేడియోధార్మిక గంధకంతో ప్రోటీన్‌ను గుర్తుపెట్టి బ్యాక్టీరియా వైరస్‌లో తేల్చిన విషయాన్నే వీళ్లు ఆర్‌ఎన్‌ఏకు తేల్చారు. యాదృచ్ఛికమే కావచ్చు గానీ, 1869లో మీషర్ అనే యువకుడు చీము కణాల కేంద్రకాల నుంచి మొట్టమొదట డీఎన్‌ఏ ఉన్న పదార్థాన్ని వేరుచేసిందీ టుబింగెన్‌లోనే.

కనుక నా ఉద్దేశంలో వారసత్వం చక్కెరలో లేదు, పేటల సంఖ్యలో లేదు. ఎదురుగా ఏ అక్షరం నిలవాలో ప్రతి అక్షరమూ నిర్ణయిస్తుంది కదా, ఆ జత కట్టే గుణంలో ఉంది. అది రెండింటికీ సమానమే. అడినిన్ ఎదుట థైమిన్ నిలిచినా యురాసిల్ నిలిచినా నకలు తయారవుతుంది.

ఇంకొక మాట. మా చుట్టాలున్న మర్రిగూడ వైపు తాతకూ, తండ్రికీ, కొడుకుకూ ఒకే తీరుగా కాళ్లు వంగి ఉండటం చూసి అది వంశంలో ఉందనుకునేవాళ్లు చిన్నప్పుడు నాకు చాలామంది కనిపించారు. ఆ ఇంట్లో మూడు తరాలకూ అందినది ఫ్లోరైడ్ ఉన్న ఒకే బోరు నీళ్లు. వాళ్ల డీఎన్‌ఏలో దానికి సంబంధించి ఒక్క అక్షరమూ రాసి లేదు. మీ బడి కూడా ఆ చుట్టుపక్కలదే కనుక, ఏది అనువంశికం, ఏది కాదు అన్నది చెప్పేటప్పుడు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకదు.

ల్యాబ్ టెక్నీషియన్, నాగర్‌కర్నూల్

మేడం గారూ, నేను కోవిడ్ రోజుల్లో ఒక ల్యాబ్‌లో ఆర్‌టీపీసీఆర్ పరీక్షలు చేశాను. లెక్చరర్ సార్ చెప్పిన రసాయనం నూటికి నూరుపాళ్లు నిజమే. అయితే ఒక చిన్న సవరణ చెప్పడానికి అనుమతించండి. మన కణంలో ఉండే తటస్థమైన ద్రావణంలో ఆర్‌ఎన్‌ఏ తనను తాను తెంచుకోవడం చాలా నెమ్మదిగా జరుగుతుంది. కణంలోనూ, ల్యాబ్‌లోనూ నిమిషాల్లో దాన్ని మాయం చేసేవి రైబోన్యూక్లియేజ్ అనే ఎంజైమ్‌లు. చిత్రమేమిటంటే, వాటిలో చాలా ఎంజైమ్‌లు వాడుకునేది కూడా ఆ రెండో కార్బన్ మీది ఆక్సిజన్‌నే. బల్లెం ఆర్‌ఎన్‌ఏదే, పట్టుకుని పొడిచేది ఎంజైమ్ అనుకుంటే సరిపోతుంది.

ఈ ఎంజైమ్ మన వేళ్ల చర్మం మీద, చెమటలో, ఉమ్మిలో అంతటా ఉంటుంది. కాసేపు మరిగించినా చావదు, ఎందుకంటే దాని ప్రోటీన్‌ను నాలుగు గంధకపు బంధాలు లోపల కుట్టి ఉంచుతాయి, చల్లారగానే మళ్లీ మామూలు రూపానికి వచ్చేస్తుంది. కొత్తగా చేరిన నెలలో నేను ఒకసారి చేతి తొడుగులతోనే మాస్కు సర్దుకుని, అవే తొడుగులతో గొట్టాల మూతలు తీశాను. ఆ విడతలో నియంత్రణ కోసం పెట్టిన తెలిసిన నమూనా కూడా ఫలితం చూపించలేదు. మొత్తం మళ్లీ చేయాల్సి వచ్చింది, తప్పు నాదే. ఆ రోజు నుంచి మంచు పెట్టె, ఎంజైమ్ లేకుండా శుద్ధి చేసిన నీళ్లు, గంటకోసారి తొడుగులు మార్చడం అలవాటయ్యాయి. పక్క గదిలో డీఎన్‌ఏ పని చేసేవాళ్లు బల్ల మీద గొట్టాన్ని వదిలేసి టీకి వెళ్లివచ్చేవాళ్లు. అస్థిరం అన్న మాటకు అర్థం నాకు పుస్తకంలో కాదు, అక్కడ తెలిసింది.

ఆ పరీక్ష మొదటి మెట్టులోనే మీ ప్రశ్నకు పనికొచ్చే సంగతి ఒకటుంది. ముక్కులో నుంచి తీసిన నమూనాలో వైరస్‌ది ఆర్‌ఎన్‌ఏ. దాన్ని నేరుగా రెట్టింపు చేయలేము కనుక ముందు రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ అనే ఎంజైమ్‌తో దానికి డీఎన్‌ఏ నకలు తీస్తాము, ఆ తర్వాతే దాన్ని లక్షల రెట్లు పెంచుతాము. 1970లో టెమిన్, బాల్టిమోర్ వేర్వేరుగా ఈ ఎంజైమ్‌ను కనిపెట్టేదాకా సమాచారం డీఎన్‌ఏ నుంచి ఆర్‌ఎన్‌ఏ వైపే నడుస్తుందని చాలామంది అనుకునేవారు. హెచ్‌ఐవీ చేసేదీ ఇదే, తన ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా రాసి మన క్రోమోజోమ్‌లో కలిపేస్తుంది.

వారసత్వం జతలో ఉందన్న తోట యజమాని గారి మాటతో ఏకీభవిస్తాను, అయితే నకలు ఎంత శుద్ధంగా వస్తుందన్నది కూడా చూడాలి. ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లలో ఎక్కువ భాగం రాసినదాన్ని తిరిగి సరిచూసుకోవు. పది వేల నుంచి పది లక్షల అక్షరాలకు ఒక తప్పు దొర్లుతుంది. మన కణం డీఎన్‌ఏను రాసి, సరిచూసి, మరమ్మతు చేశాక మిగిలే తప్పు వంద కోట్ల అక్షరాలకు ఒకటి స్థాయిలో ఉంటుంది. అందుకే ఆర్‌ఎన్‌ఏ వైరస్‌ల జన్యు పదార్థం సాధారణంగా చిన్నది. కరోనా వైరస్ సుమారు 30,000 అక్షరాల దాకా వెళ్లగలిగిందంటే దానికి తప్పులు దిద్దే ఎంజైమ్ ఒకటి ఉండటమే ముఖ్య కారణం. మనిషిలాగా ఒక్కో వైపు నుంచి 300 కోట్లకు పైగా అక్షరాలు మోయాలంటే డీఎన్‌ఏ తప్పదు.

దేవరకొండ టీచర్

ఇంత శ్రద్ధగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. కోచింగ్ సార్, మార్కుల సంగతి మీరు చెప్పింది కాదనను, కానీ ప్రశ్న అడిగింది పిల్ల, పరీక్ష కాదు. లెక్చరర్ గారూ, మీకు ఒక చిన్న విన్నపం. నేను చూపించిన తలుగు ఉదాహరణ ఎంతవరకు సరైనదో చెప్పగలరా? వచ్చే వారం మళ్లీ అదే తీసుకెళ్లాలనుకుంటున్నాను. ఆ అమ్మాయి నిన్న మరో ప్రశ్న కూడా వేసింది, రెండింట్లో ముందు పుట్టింది ఏది అని.

పాలమూరు రిటైర్డ్ లెక్చరర్

ల్యాబ్ టెక్నీషియన్ అమ్మాయి సవరణను ఒప్పుకుంటున్నాను. నేను ఎంజైమ్‌లను వదిలేసి బీకరు దగ్గరే ఆగిపోయాను.

తలుగు మంచి ఉదాహరణే, కానీ మూడు చోట్ల తప్పుదారి పట్టిస్తుంది. తాడులో రెండు పేటలూ ఒకే దిక్కుకు పోతాయి. డీఎన్‌ఏలో ఒకటి మూడో కార్బన్ వైపు నుంచి ఐదో కార్బన్ వైపుకు పోతే, రెండోది దానికి ఎదురుగా వస్తుంది. ఒక పేట చివర ఎర్ర దారం, మరో పేటకు రెండో చివర ఎర్ర దారం కట్టి చూపించండి. రెండోది, తాడును పట్టి ఉంచేది పురి బిగువు. డీఎన్‌ఏలో పేటలను పట్టి ఉంచేవి మధ్యనున్న హైడ్రోజన్ బంధాలు, అడినిన్, థైమిన్ మధ్య రెండు, గ్వానిన్, సైటోసిన్ మధ్య మూడు. దానికి తోడు అక్షరాలు పళ్లెంలో పేర్చిన రొట్టెల్లా ఒకదాని మీద ఒకటి ఒత్తుకుని కూర్చోవడం వల్ల వచ్చే బలం కూడా ఉంది. ఒక్కో బంధం బలహీనమే కాబట్టి నకలు తీసేటప్పుడు జిప్పులా విప్పడానికి వీలవుతుంది. మూడోది, తాడు మీద గాడులు రెండూ సమానంగా ఉంటాయి, డీఎన్‌ఏలో ఒకటి వెడల్పు, ఒకటి ఇరుకు. లోపలి అక్షరాలను ప్రోటీన్లు పేటలు విప్పకుండానే తడిమి చదివేది ఎక్కువగా ఆ వెడల్పు గాడిలో నుంచే.

జతల విషయంలో పిల్లలకు తప్పక చెప్పవలసింది ఒకటుంది. అడినిన్, గ్వానిన్ రెండు వలయాల పెద్ద అక్షరాలు, థైమిన్, సైటోసిన్ ఒక వలయం ఉన్న చిన్న అక్షరాలు. ప్రతి మెట్టులోనూ ఒక పెద్దది, ఒక చిన్నది ఉండటం వల్లనే తాడు మందం ఎక్కడ కొలిచినా 2 నానోమీటర్లే. చార్‌గాఫ్ ఏ జీవి డీఎన్‌ఏ తీసుకున్నా అడినిన్ ఎంతో థైమిన్ అంతే, గ్వానిన్ ఎంతో సైటోసిన్ అంతే ఉండటం 1950 ప్రాంతంలోనే చూశాడు, కారణం ఆయనకు అందలేదు. 1952లో లండన్‌లో రోజాలిండ్ ఫ్రాంక్లిన్ పర్యవేక్షణలో గాస్లింగ్ తీసిన ఎక్స్‌రే చిత్రంలో కత్తెర గుర్తులా కనిపించిన మచ్చలు మెలికను పట్టించాయి. ఒక మెలికకు 3.4 నానోమీటర్లు, మెట్టుకు మెట్టుకు మధ్య 0.34, అంటే ఒక చుట్టుకు పది మెట్లు. ఆ చిత్రాన్ని ఆమెకు తెలియకుండానే వాట్సన్‌కు చూపించారన్నది నన్ను ఇప్పటికీ కలవరపెట్టే విషయం. 1953 ఏప్రిల్‌లో వాట్సన్, క్రిక్ ప్రకటించిన నమూనాకు 1962లో నోబెల్ వచ్చేనాటికి ఆమె లేరు, 1958లోనే 37 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

మీ తలుగు రెండు సెంటీమీటర్ల లావుందనుకోండి. అది డీఎన్‌ఏకు కోటి రెట్లు. ఆ లెక్కన ఒక్క కణంలోని రెండు మీటర్ల డీఎన్‌ఏ 20,000 కిలోమీటర్ల తాడవుతుంది, అంటే భూమి చుట్టుకొలతలో సగం. అది 46 ముక్కలుగా సుమారు 60 మీటర్ల గదిలో, అంటే కేంద్రకంలో, చిక్కుపడకుండా ఇమడాలి. హిస్టోన్ ప్రోటీన్లనే ఉండల చుట్టూ 147 మెట్ల చొప్పున చుట్టుకుంటూ పోవడం వల్లనే అది సాధ్యమవుతోంది.

ఇక ముందు ఏది అన్నదానికి, ఎవరూ చూసింది లేదు గానీ, కణం నడవడికలో ఆనవాళ్లున్నాయి. డీఎన్‌ఏకు కావలసిన చక్కెరను కణం నేరుగా తయారుచేయదు, ఆర్‌ఎన్‌ఏ దినుసును తీసుకుని దాని నుంచి ఒక ఆక్సిజన్ తొలగిస్తుంది. థైమిన్‌ను కూడా యురాసిల్ రూపం నుంచే చేస్తుంది. 1980లలో చెక్, ఆల్ట్‌మన్ కొన్ని ఆర్‌ఎన్‌ఏలు ఎంజైమ్‌ల పని కూడా చేస్తాయని చూపారు, 1989లో నోబెల్ అందుకున్నారు. ప్రోటీన్లను అల్లే రైబోజోమ్‌లో అసలు పని జరిగే చోట ఉన్నదీ ఆర్‌ఎన్‌ఏనే. 2009లో వెంకటరామన్ రామకృష్ణన్‌కు నోబెల్ భాగం వచ్చింది ఆ రైబోజోమ్ నిర్మాణం మీదే. సమాచారం మోయడం, పని చేయడం రెండూ చేతనైనది కనుక ఆర్‌ఎన్‌ఏయే ముందనీ, భద్రంగా దాచుకోవలసి వచ్చినప్పుడు డీఎన్‌ఏ తర్వాత వచ్చిందనీ ఎక్కువ మంది నమ్ముతున్నారు. నేనూ అటే మొగ్గుతాను.

దేవరకొండ టీచర్

సార్, తలుగుకు ఎర్ర దారాలు ఈ రోజే కట్టి చూపించాను. ఒక చివర దారం పైన, మరో చివర దారం కింద కనిపించేసరికి వెనక బెంచీ పిల్లలు కూడా దగ్గరికి వచ్చి చూశారు. ఇప్పుడు నిజం డీఎన్‌ఏ చూపించమంటున్నారు. బొప్పాయితో చేయవచ్చని విన్నాను. మన దగ్గర దొరికే వస్తువులతోనే అవుతుందా?

ల్యాబ్ టెక్నీషియన్, నాగర్‌కర్నూల్

అవుతుంది మేడం. బాగా పండిన బొప్పాయి ముక్కను మెత్తగా నలిపి, అర గ్లాసు నీళ్లలో ఒక చెంచా గిన్నెలు తోమే ద్రవం, చిటికెడు ఉప్పు కలిపి అందులో వేయండి. నురుగు రాకుండా మెల్లగా కలపాలి. సబ్బు కణాల పొరలను కరిగిస్తుంది, ఉప్పు డీఎన్‌ఏ మీది రుణావేశాన్ని కప్పి పోగులు ఒకచోటికి చేరేలా చేస్తుంది. పది నిమిషాల తర్వాత టీ వడగట్టే జల్లెడలో వడగట్టి, మందుల షాపులో దొరికే స్పిరిట్‌ను ఫ్రీజర్‌లో చల్లబరచి గ్లాసు అంచు వెంబడి సన్నగా పోయండి. రెండు పొరలు కలిసే చోట తెల్లని జిగురు పోగులు పైకి తేలతాయి, పుల్లతో చుట్టి తీయవచ్చు. అందులో ఆర్‌ఎన్‌ఏ, కొంత ప్రోటీన్, బొప్పాయి జిగురు కూడా కలిసే ఉంటాయి కనుక అది అచ్చంగా డీఎన్‌ఏ అని మాత్రం చెప్పకండి, ఆ రెండో బెంచీ అమ్మాయి పట్టుకుంటుంది. స్పిరిట్ దగ్గర దీపం, అగ్గిపెట్టె లేకుండా చూసుకోండి.